ఆ పిల్ల ఏమైంది నాయనా?

తిరుపతి కొర్లగుంటలో మా అవ్వ ఇంటికి రాత్రి ఏడున్నరకు ఎవరొచ్చినా ఆమె లేచి తలుపు తీసేది కాదు. అది సీరియల్ టైమ్. ఏడుకల్లా దోసెపిండి రుబ్బడం, దీపం పెట్టడం, మందు బిళ్ళ వేసుకోవడం అన్నీ ముగించేది. టీవీ అద్దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి, గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ అరగంట ఆమెది.

ఆ సీరియల్ పేరు, ఛానల్ పేరు నేను రాయను. కథ మాత్రం చెప్తాను. టైలర్ షాపులో పనిచేసే ఒక అమ్మాయి. చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్ళిన తండ్రి నుంచి ఇన్నేళ్ళకు ఒక ఉత్తరం వస్తుంది. విప్పడానికి ధైర్యం చాలక, దాన్ని బ్యాగులో పెట్టుకుని బస్సెక్కుతుంది. శనివారం అక్కడితో ఆగింది. సోమవారం అదే టైముకు వేరే సీరియల్ మొదలైంది.

అవ్వ మొదట కేబుల్ వాళ్ళ తప్పే అనుకుంది. పక్కింటి పిల్లాడి చేత వాళ్ళకు రెండుసార్లు ఫోన్ చేయించింది. ఆ తర్వాత అమెరికాలో ఉన్న నన్ను అడిగింది. "ఆ పిల్ల ఏమైంది నాయనా? కంప్యూటర్‌లో చూసి చెప్పు." నేను వెతికాను. రేటింగ్ రాలేదని తీసేశారన్న ఒక్క ముక్క తప్ప ఏమీ దొరకలేదు. "ఆపేసినారవ్వా" అన్నాను. అవ్వ కాసేపు మాట్లాడలేదు. "ఆపేస్తే మటుకు? బస్సు యాడికో ఒకచోటికి పోవాల కదా" అంది.

ఆ మాట అన్నది సీరియళ్ళ పిచ్చితో కాదు. కథ అంటే ఎలా ఉండాలో అవ్వకు బాగా తెలుసు. ఆమె పుట్టింది, పెరిగింది చిత్తూరు పక్క పల్లెలో. అక్కడ ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు. మా ఊళ్ళో 18 రోజులు జరిగేది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. బకాసుర వధ రోజు బండి నిండా అన్నం పెట్టి ఊరేగిస్తారు. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పాడుకుంటూ ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు పైనుంచి వేసే నిమ్మకాయల కోసం కింద కొంగు పట్టి నిలబడతారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు భారతం మిట్ట మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. భీముడు తొడ మీద గద వేస్తాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది, సాయంత్రం గుండం తొక్కుతారు.

నా చిన్నప్పుడు ఒక ఏడాది భారతం మధ్యలో పెద్ద గాలివాన వచ్చి పందిరి కూలిపోయింది. మర్నాడు కథకు వచ్చింది ఇరవై మందో, ముప్పై మందో. దాసు గారు గుడి లోపల మండపంలో నిలబడి, తడి పంచెతోనే ఆ రోజు చెప్పాల్సిన కథ మొత్తం చెప్పారు. జనం రాలేదు కదా, ఈ ఏడాదికి ఆపేద్దామని ఊళ్ళో ఎవరూ అనలేదు. భారతం మొదలుపెట్టిన ఊరు దుర్యోధనుడు పడేదాకా చెప్పించి తీరాల్సిందే. మధ్యలో వదిలేస్తే ఊరికి మంచిది కాదని అవ్వ గట్టిగా నమ్మేది.

అమెరికా వచ్చాక తెలిసింది, ఈ బాధ మనొక్కరిదే కాదని. నా మొదటి రూమ్మేట్ దగ్గర ఒక డీవీడీల పెట్టె ఉండేది. 'ఫైర్‌ఫ్లై' అనే షో. యుద్ధంలో ఓడిపోయిన పక్షం మనిషి ఒకడు ఒక పాత అంతరిక్ష నౌక కొనుక్కుని, సరుకులు మోసి బతుకుతుంటాడు. వాడి చుట్టూ ఇంకో ఎనిమిది మంది. 2002 సెప్టెంబరులో ఫాక్స్ ఛానల్ మొదలుపెట్టింది, డిసెంబరుకల్లా ఆపేసింది. తీసిన ఎపిసోడ్లు 14, ఆ ఛానల్ వేసినవి 11. అంతకంటే ఘోరం, ఎవరు ఎవరో పరిచయం చేసే మొట్టమొదటి ఎపిసోడ్‌ను పక్కన పెట్టి వేరేదానితో మొదలుపెట్టారు. ఆ మొదటిదాన్ని అన్నిటికంటే చివర్లో వేశారు. ఆదిపర్వం దాచిపెట్టి సభాపర్వంతో మొదలుపెడితే, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక జనం లేచిపోరా? అలా లేచిపోయిన జనాన్ని లెక్కపెట్టి, ఈ షో ఎవరికీ నచ్చలేదని తేల్చారు. తర్వాత డీవీడీలు బాగా అమ్ముడుపోయి, 2005లో 'సెరెనిటీ' పేరుతో సినిమా వచ్చింది. అభిమానులకు ఆ మాత్రమైనా దక్కింది.

నన్ను ఎక్కువ కదిలించింది 'ఫ్రీక్స్ అండ్ గీక్స్'. 1999లో ఎన్‌బీసీలో మొదలైంది. 1980 నాటి మిషిగన్ హైస్కూలు పిల్లల కథ. 18 ఎపిసోడ్లు తీశారు, అన్నీ వేయకుండానే ఛానల్ ఆపేసింది. అయితే దాన్ని సృష్టించిన పాల్ ఫీగ్ ఒక పని చేశాడు. ఏ రోజైనా ఆపేస్తారన్న టెన్షన్ ఉండటంతో, మధ్య ఎపిసోడ్లు ఇంకా మిగిలి ఉండగానే ముగింపు ఎపిసోడ్‌ను ముందే తీసి పెట్టుకున్నాడు. ఇల్లు కాలుతున్నప్పుడు ముందు దేవుడి పటం బయటికి తెచ్చుకున్నట్టు. అందుకే ఆ షో ఒక్క సీజనే అయినా ఈ రోజు చూసినా కడుపు నిండినట్టుంటుంది.

కొన్ని ఒక్క సీజన్‌తో ఆగిపోవడమే మంచిదైంది, లేకపోతే పాడయ్యేవి అని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' బాగున్నది తొందరగా ఆగినందుకు కాదు, ముగింపు ఉన్నందుకు.

మన దగ్గర జబ్బు రెండు రకాలు. జనం చూస్తున్నారంటే కథ అయిపోయినా వదలరు. కోమాలోంచి లేచిన భర్త, ముఖం మారిన కోడలు, మతిపోయిన అత్త అంటూ వెయ్యి ఎపిసోడ్లు దాటిస్తారు. చూడట్లేదంటే కథ నడుస్తుండగానే పీక నొక్కేస్తారు. పైకి ఇవి రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి గానీ, వేరు ఒక్కటే. కథ ఎక్కడ ఆగాలో కథ చెప్పేవాడి చేతిలో లేదు, వారం వారం వచ్చే టీఆర్పీ కాగితం చేతిలో ఉంది.

ఆ కాగితం ఎలా తయారవుతుందో కూడా చూడాలి. దేశంలోని టీవీ ఇళ్ళన్నిటి తరఫున కొన్ని పదివేల ఇళ్ళల్లో మీటర్లు పెడతారు. ఆ ఇంట్లో ఎవరు టీవీ ముందు కూర్చుంటే వాళ్ళు రిమోట్ మీద తమ బటన్ నొక్కాలి. సర్వే పద్ధతిగా అందులో తప్పు లేదు. కానీ మీటరుకు తెలిసేది ఎవరు ఏ ఛానల్ ముందు కూర్చున్నారన్నదే. కూర నరుక్కుంటూ చూశారా, కొంగుతో అద్దం తుడిచి కూర్చుని చూశారా అన్నది దానికి పట్టదు. ప్రకటనలు ఇచ్చే కంపెనీకి ఆ తేడా అక్కర్లేదేమో, కథకు కావాలి.

దూరదర్శన్ కాలంలో సీరియల్‌ను 13 వారాలు, 26 వారాలు అని లెక్కగట్టి ఇచ్చేవాళ్ళు. ఇబ్బందులు దానికీ ఉండేవి. కానీ తీసేవాడికి తన దారి ఎంత పొడుగో ముందే తెలిసేది. శ్యామ్ బెనెగళ్ 'భారత్ ఏక్ ఖోజ్'ను 53 భాగాల్లో సింధు నాగరికత నుంచి స్వాతంత్ర్యం దాకా నడిపించి దించారు. ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళు హిందీ సగమే అర్థమైనా ఆదివారం పొద్దున కదలకుండా కూర్చున్నారు. మన 'అమృతం' కూడా 2001 నుంచి 2007 దాకా వారానికి ఒక్కసారే వచ్చి నిలబడింది. ఓపికగా వేస్తే మన జనం ఓపికగా చూస్తారు.

ఛానళ్ళు నష్టానికి షోలు నడపాలని నేను అనడం లేదు. రోజు షూటింగ్ అంటే ఆర్టిస్టులు, లైట్లు, అద్దె ఇల్లు, భోజనాలు. డబ్బు తిరిగి రాకపోతే ఆపాల్సిందే. కానీ చెప్పి ఆపండి. మన డైలీ సీరియళ్ళ షూటింగ్ ప్రసారానికి కొద్ది రోజుల ముందే జరుగుతుంది. రేటింగ్ పెంచడానికి రాత్రికి రాత్రి కథ మార్చగలిగినవాళ్ళు, ముగించడానికి చివరి నాలుగు ఎపిసోడ్లు రాసుకోలేరా? ఒక్క వారం ఇస్తే చాలు. ఆ బస్సు ఒక ఊళ్ళో ఆగుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళం మనం ఇక్కడ చేయగలిగింది కూడా ఉంది. తెలుగు ఛానళ్ళకు, ఓటీటీలకు మనం డాలర్లలో చందాలు కడుతున్నాం. మన తెలుగు సంఘం మహాసభలకు ఛానళ్ళ పెద్దలు వస్తారు, వేదిక మీద శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. ఈసారి శాలువాతో పాటు ఒక ప్రశ్న కూడా వేద్దాం. మధ్యలో ఆపిన కథకు ముగింపు ఇస్తారా, ఇవ్వరా? 1968లో అమెరికాలో 'స్టార్ ట్రెక్' ఆగిపోబోతుంటే, చూసేవాళ్ళు కట్టలు కట్టలు ఉత్తరాలు రాసి మూడో సీజన్ తెచ్చుకున్నారు. అప్పుడు ఒక్కో ఉత్తరానికి స్టాంపు అతికించాల్సి వచ్చేది. మనకు వేలు కదిపితే చాలు. మన సంఘం తరఫున అలాంటి ఒక ఉత్తరం రాయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి సంతకం నేను పెడతాను.

అవ్వ పోయి కొన్నేళ్ళయింది. పోయే ముందు ఏడాది నేను తిరుపతి వెళ్ళినప్పుడు, ఒక రాత్రి డాబా మీద చాప వేసుకుని పడుకున్నాం. ఎదురుగా కొండ మీద దారి పొడుగునా దీపాలు. ఉన్నట్టుండి అంది, "ఆ పిల్ల పుత్తూర్లో దిగేసింది నాయనా."

ఏ పిల్లో నాకు వెంటనే తట్టలేదు.

"అదే, ఉత్తరం పెట్టుకొని బస్సెక్కిందే. పుత్తూరు బస్టాండులో దిగి, టీ అంగడి దగ్గర బెంచీ మీద కూచోని చదువుకొనింది. వాళ్ళ నాయనకు ఒళ్ళు బాగలేదంట. పోయి చూసొచ్చింది."

"మళ్ళీ ఎప్పుడు వేసినారవ్వా?" అన్నాను.

"వాళ్ళేం వేస్తారు" అంది అవ్వ, దుప్పటి పైకి లాక్కుంటూ. "ఎన్ని దినాలని ఆ పిల్ల బస్సులోనే ఉంటింది? నేనే దించేసినా."