తప్పిన పిల్లలకు బడి ఏదీ?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 23న వెలువడ్డాయి. ఆ విద్యాసంవత్సరానికి బడుల చివరి పనిదినమూ అదే. పరీక్ష రాసిన 6,14,459 మందిలో 4,98,585 మంది, అంటే 81.14 శాతం ఉత్తీర్ణులు కాగా, తప్పిన లక్షా పదిహేను వేల పైచిలుకు పిల్లలకు మే 19న మొదలైన సప్లిమెంటరీకి మిగిలినవి 26 రోజులే. తెలంగాణలో ఉత్తీర్ణత 92.78 శాతం, అక్కడ సప్లిమెంటరీ జూన్ 3న మొదలైతే బడులు తెరిచింది జూన్ 12న. పిల్లలకు పాఠం అత్యవసరమైన రోజుల్లోనే రెండు రాష్ట్రాల్లోనూ బడికి సెలవులు.

మార్చి పరీక్షల ముందు పరిస్థితి ఇలా ఉండదు. పొద్దున్నే ప్రత్యేక తరగతులు, సాయంత్రం స్టడీ అవర్లు, వారం వారం స్లిప్ టెస్టులు, పైనుంచి సమీక్షలు. ఉపాధ్యాయుల ఆ శ్రమను మేము తక్కువ చేయడం లేదు. అయితే శాతాలు ప్రకటించిన మర్నాటి నుంచి ఆ పట్టింపు సడలిపోతోంది. ప్రత్యేక తరగతులు నిర్వహించాలన్న ఆదేశాలు వచ్చినా, ఊళ్లో లేని ఉపాధ్యాయుడు, మధ్యాహ్న భోజనం లేని బడి, బస్సు చార్జీకి వెనకాడే తల్లిదండ్రులు ఉన్నచోట అవి కాగితం దాటవు. గణితంలో 31 దగ్గర ఆగిన పిల్లాడికి కావాల్సింది నాలుగు మార్కులే. కానీ అప్పటికే అతడి పుస్తకాలు తొమ్మిది పూర్తిచేసిన పక్కింటి పిల్ల చేతికి వెళ్లిపోయి ఉంటాయి, అతడు మామిడి కోతకు కూలికి కుదిరి ఉంటాడు.

చట్టం కూడా ఈ వయసును వదిలేసింది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే వర్తిస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 దాటిన వారిని ప్రమాదకర పనుల్లో పెట్టుకోవడాన్ని మాత్రమే నిషేధిస్తుంది. పదిహేనేళ్ల పిల్లను చదువు మాన్పించి పనికి పంపినా అడిగే నాథుడు ఉండడు.

అందుకే సప్లిమెంటరీ ముగిసేవరకు తప్పిన ప్రతి విద్యార్థి తన బడి విద్యార్థేనని ప్రభుత్వాలు ఉత్తర్వు ఇవ్వాలి. కనీసం గణితం, సామాన్యశాస్త్రం ఉపాధ్యాయులను ఆ నెల విధుల్లో ఉంచి, అందుకు సంపాదిత సెలవులు జమచేయాలి. ఆ పిల్లలకు మధ్యాహ్న భోజనం, పుస్తకాలు ఇచ్చి, ప్రభుత్వ బడుల్లో పరీక్ష రుసుము రద్దుచేయాలి. బడి ఉత్తీర్ణత శాతాన్ని సప్లిమెంటరీ ఫలితాలు కలిపాకే ప్రకటించాలి.