డ్రెడ్ స్కాట్ సమాధి మీద పెన్నీలు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, కాల్వరీ శ్మశానంలో డ్రెడ్ స్కాట్ సమాధి ఉంది. వచ్చినవాళ్లు ఆ రాయి మీద ఒక పెన్నీ పెట్టి వెళ్తారు, లింకన్ బొమ్మ పైకి ఉండేలా. మేం వెళ్లిన రోజు ఎండకు ఆ నాణేలు కాలిపోతున్నాయి. మా అమ్మాయి కూడా ఒకటి పెట్టి, "ఈయన ఏం చేశారు నాన్నా?" అని అడిగింది.

"కోర్టులో ఓడిపోయారమ్మా" అన్నాను.

బానిసత్వం లేని ఇల్లినాయ్‌లోనూ, ఇంకా రాష్ట్రం కాని విస్కాన్సిన్ టెరిటరీలోనూ యజమాని తనను ఏళ్ల తరబడి ఉంచాడు కాబట్టి తాను స్వతంత్రుణ్ణని బానిసగా ఉన్న స్కాట్ వాదించారు. 1846లో ఆయన, భార్య హ్యారియట్ కోర్టుకెక్కారు. తేలేసరికి పదకొండేళ్లు పట్టింది. 1857 మార్చి 6న సుప్రీంకోర్టు 7-2తో కాదంది. నల్లవాళ్లు, బానిసలు కాకపోయినా సరే, ఈ దేశ పౌరులు కాలేరని ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ రాశారు. కొత్త టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని కూడా తేల్చేశారు.

అంతకు రెండు రోజుల ముందే, తీర్పు ఏదైనా సంతోషంగా తలొగ్గుతానని అధ్యక్షుడు బుకానన్ ప్రమాణ స్వీకార సభలో చెప్పారు. న్యాయమూర్తులతో ఉత్తరాలు నడిపి, ఏం రాబోతోందో ముందే తెలుసుకున్న మనిషి ఆయన. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

దక్షిణాది పత్రికలు పండగ చేసుకున్నాయి. ఈ తీర్పుకు వాషింగ్టన్‌లో ఏ మందు బార్‌లోనో కూర్చున్నవాళ్ల మాటకున్నంత విలువే ఉందని న్యూయార్క్ ట్రిబ్యూన్ రాసింది. కోర్టు చెప్పాక ఇంక మాటేమిటన్నది సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ వాదన. లింకన్ ఆ జూన్‌లోనే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జవాబిచ్చారు: తీర్పును ఎదిరించం, కానీ అది తప్పు, కోర్టు చేతే దాన్ని మార్పించడానికి చేతనైనంత చేస్తాం.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం నల్లజాతివాళ్ల మాటలు. నన్ను మనిషిగా చూడని ప్రభుత్వానికి నేను విధేయుణ్ణి కానని ఫిలడెల్ఫియా సభలో రాబర్ట్ పర్విస్ తెగేసి చెప్పారు. ఫ్రెడరిక్ డగ్లస్ ఏమో తన ఆశ ఎన్నడూ ఇంత వెలుగుగా లేదన్నారు. ఒకప్పుడు నాకు ఆ ఆశ ఒక్కటే గొప్పగా అనిపించేది. ఇప్పుడు పర్విస్ కోపం కూడా అంతే అవసరమనిపిస్తోంది. ఆ కోపం లేకపోతే తీర్పు ఫైళ్లలో నిశ్శబ్దంగా చట్టమై కూర్చునేది.

అంతర్యుద్ధం ముగిశాక, 1868లో, రాజ్యాంగ పద్నాలుగో సవరణ ఆ తీర్పును కొట్టేసింది. ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులేనని రాసింది ఆ సవరణలోనే. హెచ్-1బి మీదున్న మన ఇళ్లలో పుట్టిన పిల్లలకు నీలం పాస్‌పోర్ట్ వచ్చేది ఆ వాక్యం వల్లే. 2025 జనవరిలో ఆ హక్కును కుదించే ఉత్తర్వు వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ టెన్షన్‌లో పడ్డాయి. డెలివరీ తేదీల గురించి, వీసా గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నాం. స్కాట్ పేరు ఒక్కరి నోటా రాలేదు, నా నోటా రాలేదు. అది మన తప్పే. మన సంఘం వారాంతపు బడిలో ఈ కథ చెప్పాలని అడుగుతున్నాను.

తీర్పు వచ్చిన ఏడాదే మే నెలలో స్కాట్ కుటుంబాన్ని కొత్త యజమాని విడిపించారు. ఏడాదిన్నర తిరక్కుండానే స్కాట్ క్షయతో పోయారు. హ్యారియట్ 1876 దాకా బతికారు, ఆ సవరణను చూశారు. ఆమె సమాధి సెయింట్ లూయిస్ దగ్గరే, గ్రీన్‌వుడ్ అనే వేరే శ్మశానంలో ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. ఈసారి అక్కడికీ వెళ్దామని మా అమ్మాయి రెండో పెన్నీ దాచిపెట్టింది.