49 ప్రాసెస్‌లు బట్టీ పడితే సీఏపీఎం వచ్చేస్తుందా?

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో, పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే తొలి మెట్టు సర్టిఫికెట్ సీఏపీఎం గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "సీఏపీఎంకి అనుభవం అక్కర్లేదు. 49 ప్రాసెస్‌లు బట్టీ పట్టు, ఒక డంప్ కొను, వారంలో రాసెయ్. 61 శాతం వస్తే పాస్. సర్టిఫికెట్ జీవితాంతం." ఇందులో నిజం మొదటి ముక్కే. (డంప్ అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నల మూట.)

ఆ 49 ప్రాసెస్‌లు పీఎంఐ గైడ్ పుస్తకం పీఎంబీఓకే 2017 నాటి ఆరో ఎడిషన్‌వి. 2023 జులైలో పరీక్షే మారిపోయింది. ఇప్పుడు మౌలికాంశాలకు 36 శాతం, పనిని చిన్న విడతలుగా చేసే అజైల్‌కు 20, వ్యాపార అవసరాలేంటో తేల్చే బిజినెస్ అనాలిసిస్‌కు 27. ముందే ప్లాన్ గీసుకుని నడిపే ప్రెడిక్టివ్ పద్ధతికి మిగిలింది 17. బట్టీ ఎక్కడ బెడిసికొడుతుందంటే: స్క్రమ్ (ఒక అజైల్ పద్ధతి) టీమ్, స్ప్రింట్ (ఒక చిన్న పని విడత) మధ్యలో కస్టమర్ కొత్త ఫీచర్ అడిగాడు. పాత నోట్సు చదివినవాళ్లు 'చేంజ్ కంట్రోల్ బోర్డుకు పంపాలి' అని టిక్కు పెట్టేస్తారు. కానీ దాన్ని ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) చేర్చి, ఎంత ముఖ్యమో తేల్చాల్సింది ప్రొడక్ట్ ఓనర్.

లెక్కలకూ బట్టీ చాలదు. 10 లక్షల ప్రాజెక్టు. ఈపాటికి సగం పని కావాలి, 40 శాతమే అయింది, ఖర్చు 3.2 లక్షలు. అంటే ఈవీ (అయిన పని విలువ) 4 లక్షలు, పీవీ (ఈపాటికి కావాల్సిన పని విలువ) 5, ఏసీ (అయిన ఖర్చు) 3.2. ఈవీని ఏసీతో భాగిస్తే సీపీఐ (ఖర్చు సూచిక) 1.25, పీవీతో భాగిస్తే ఎస్‌పీఐ (షెడ్యూల్ సూచిక) 0.8. డబ్బు మిగులుతోంది, పని మాత్రం వెనకబడింది. రెండింట్లోనూ ఈవీ పైనే ఉండాలి. సీపీఐని తిరగేస్తే అదీ 0.8 అవుతుంది, బడ్జెట్ దాటిపోయిందని తప్పుగా రాసేస్తారు.

వారమా? పరీక్షకు ముందే 23 గంటల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ శిక్షణ పూర్తి కావాలి, అది నిబంధన. ఉద్యోగం చేసుకుంటూ వారంలో అదే కష్టం, ఇక చదివేదెప్పుడు! 150 ప్రశ్నలకు 3 గంటలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. వాటిలో 15 మార్కులకు లెక్కలోకి రావు, అవేవో మీకు చెప్పరు. ఇక 61 శాతం గాలి కబురే. పీఎంఐ పాస్ శాతం ఏదీ ప్రకటించదు.

డంప్ కొనడం పీఎంఐ నిబంధనలకు విరుద్ధం, దొరికితే ఫలితం రద్దు కావచ్చు. సర్టిఫికెట్ కూడా 3 ఏళ్లకోసారి 15 పీడీయూలు (కొత్తగా నేర్చుకున్నందుకు లెక్కకట్టే పాయింట్లు) చూపిస్తేనే నిలుస్తుంది.

ఆ మెసేజ్‌లో లేని తిప్పలు వేరే ఉన్నాయి. మనకు ఒక కార్డులో 'కె.' అని పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరు ఉంటాయి. పీఎంఐ అకౌంట్లో పేరు, మీరు చూపించే ఐడీలో ఉన్నట్టే ఉండాలి; తేడా ఉంటే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. షేరింగ్ రూమ్ నుంచి ఆన్‌లైన్‌లో రాద్దామనుకుంటే, మధ్యలో రూమ్మేట్ తలుపు తీసినా పరీక్ష ఆపేయొచ్చు. పీజీలో ఉండేవాళ్లు సెంటర్‌కు వెళ్లి రాయడమే మేలు.