గోదారి జిల్లాల చెత్తను కాల్చకండి, మురగనివ్వండి

చెత్త నుంచి కరెంటు అనగానే మన పాలకులకు గుంటూరు, విశాఖల్లో చెరో 15 మెగావాట్లతో కట్టిన ప్లాంట్లే కళ్లముందు మెదులుతాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం చెత్తనూ అలాగే కాల్చేద్దామంటే మాత్రం అది డెల్టాకు నప్పని ఆలోచన.

మన ఊళ్ల చెత్తలో సగానికి పైగా తడే. కూరగాయల తుక్కు, మిగిలిన అన్నం, అరటాకులు, చేపల పొలుసు. వానాకాలమైతే చెప్పక్కర్లేదు. బాయిలర్‌లో పుట్టే వేడి ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చయితే ఇక కరెంటు ఎంతొస్తుంది? అదే తడి చెత్తను గాలి చొరని ట్యాంకులో మురగబెడితే మీథేన్ అనే మండే గ్యాస్ వస్తుంది. శుద్ధి చేసి కుదిస్తే బస్సుల్లో పోసుకోవచ్చు. రోజుకు 550 టన్నుల సామర్థ్యంతో 2022లో ప్లాంటు పెట్టిన ఇండోర్ చేస్తున్నది ఇదే.

ముడిసరుకుకు మనకేం కొదవ? రావులపాలెం అరటి మార్కెట్ తుక్కుంది. గెల కోశాక చేలగట్ల మీద కుళ్లిపోయే బోదెలున్నాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ల వ్యర్థాలున్నాయి. గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీని, అంటే చిక్కటి జావను, ఎరువు చేస్తే కొనడానికి కడియం నర్సరీలున్నాయి. ఊకను, కొబ్బరి డొక్కలను మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. అవి ట్యాంకులో ఓ పట్టాన మురగవు, పైగా ఊకకు బాయిలర్లు, డొక్కకు పీచు మిల్లులు ఎప్పట్నుంచో గిరాకీదార్లు. వాటినీ చేర్చి ప్రాజెక్టును లావు చేసే కన్సల్టెంట్ల దగ్గర గ్యాస్ అంతా రిపోర్టులోనే ఉంటుంది.

డెల్టాలో డంపింగ్ యార్డుకు ఎకరం దొరకదు, కాల్చేస్తే కొండంత చెత్త గుప్పెడు బూడిదవుతుంది కదా అంటారు. నిజమే, స్థలం కొరత అబద్ధం కాదు. కానీ ఆ బూడిదకూ చోటు కావాలిగా! ఏ కాలువ గట్టునో పోస్తే, వేసవికి చెరువులు నింపుకుని మనం తాగేది ఆ కాలువ నీళ్లే.

అసలు పేచీ గ్యాస్ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరుంది. 1995లో కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ముప్పు కోనసీమది, పెత్తనం ఇంకెవరిదో. మన కాళ్లకింద నుంచి పోయే గ్యాస్ మీద పంచాయతీకి పిసరంత మాట చెల్లదు. తడి చెత్త గ్యాస్ ఒక్కటే ఊరు తన సొంతం చేసుకోగలిగింది. దాన్నీ రోజుకిన్ని టన్నులిస్తామన్న హామీతో ఏళ్ల తరబడి కంపెనీకి రాసిచ్చేస్తే, తూకం నిండితే చాలు, ఇక తడి, పొడి వేరుచేయమని వార్డులో అడిగేదెవరు?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెత్త నిర్వహణను మునిసిపాలిటీల పనుల జాబితాలో పెట్టింది. ఆచరణలో, చెత్త పన్ను 2021లో వేయడమూ 2024లో తీసేయడమూ రెండూ అమరావతి నిర్ణయాలే. కౌన్సిల్‌కు మిగిలింది చీపురు.

కాబట్టి కాల్చే ప్లాంటుకు టెండరు పిలిచే ముందు రావులపాలెంలో ఒక్క బయోగ్యాస్ ప్లాంటు కట్టండి. దాన్ని స్థానిక సంస్థ పేరు మీదే రిజిస్టర్ చేయండి. గ్యాస్‌ను ఆర్టీసీ డిపోకు ఏ ధరకు అమ్మాలో ఆ ఊరి సభనే తేల్చుకోనివ్వండి.