నా గెయిన్ నాబ్ జోలికి రాకండి మహాప్రభో

కొంపల్లిలో సంగీత్ ప్రోగ్రాం అయి ఇంటికొచ్చి గంటయింది. నిద్ర పట్టడం లేదు. ఇది కక్కేసి పడుకుంటా.

సౌండ్ చెక్‌లో నా బేస్ గిటార్ ఆంప్ (తీగల సౌండు పెంచి వినిపించే పెట్టె) చక్కగా సెట్ చేసుకున్నా. అదేం బ్రహ్మవిద్య కాదు. మాస్టర్ (బయటికెళ్లే సౌండు నాబ్) తగ్గించి, షోలో ఎంత గట్టిగా మీటుతామో అంతే గట్టిగా మీటుతూ, సౌండు పగిలే హద్దు చూపించే క్లిప్ లైటు మినుక్కుమనే దాకా గెయిన్ (ఆంప్‌లోకి వచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) పెంచి, ఒక్క పిసరు వెనక్కి తిప్పడమే. నాకు కాస్త గరుకు ఇష్టం కాబట్టి ఆ పిసరు కూడా తిప్పలేదు. కేబుల్ పీకేసి టీకి వెళ్లా. (యాక్టివ్ బేస్‌కి, అంటే బ్యాటరీతో నడిచే బేస్‌కి, కేబుల్ గుచ్చి వదిలేస్తే 9 వోల్టుల బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది. ఇది మా బ్యాండులో నాకు తప్ప ఎవరికీ పట్టదు, అది వేరే కథ.)

ఐదు నిమిషాల్లో వచ్చి మొదటి నోటు కొట్టానో లేదో, సైలెన్సర్ ఊడిన లూనాలా హాలంతా బర్ర్‌ర్ మంది. చూస్తే గెయిన్ చివరంటా తిరిగి ఉంది.

"పెళ్లికొడుకు మామ బేస్ సరిపోతలేదన్నడన్నా, పెంచిన" అన్నాడు సౌండ్ తమ్ముడు.

ఒరేయ్ నాయనా, హాల్లో బేస్ పెంచాలంటే నీ మిక్సర్ మీదే ఫేడర్ (సౌండు పెంచే జారుడు మీట) ఉంది కదా! అది వదిలేసి స్టేజీ ఎక్కి, నా ఆంప్ దాకా నడిచొచ్చి, ఉన్న నాబ్‌లన్నిట్లో దాన్నే తిప్పాలా? పైగా సరిచేస్తానని మాస్టర్ తగ్గించాడు. గెయిన్ సంపు మోటారు లాంటిది, మాస్టర్ కుళాయి. కుళాయి కట్టేస్తే మేడ మీద ట్యాంకు పొర్లడం ఆగుతుందా? ఇప్పుడు అదే బర్ర్‌ర్, కాస్త మెల్లగా. సంతోషం.

డిస్టార్షన్ (సౌండు పగిలి గరగరలాడడం) పాపమని నేననను. మోటర్‌హెడ్ అనే రాక్ బ్యాండులో బేస్ వాయించిన లెమ్మీ తన రికెన్‌బ్యాకర్ బేస్‌ని మార్షల్ ఆంప్‌కి తగిలించి జీవితమంతా గర్జించాడు. ఆయన కోరి చేసుకున్నాడు, పెళ్లికొడుకు మామ అడిగాడని కాదు. బేస్ లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. డిస్టార్షన్ శ్రుతి మించితే పైన దాని రెట్టింపు, మూడింతల స్వరాలు 82, 123 అంటూ పిల్లలంతా ఒకటే గోల, తల్లి గొంతు వినపడదు. క్లీన్ సౌండ్ కాస్త కలుపుకోమనే బేస్ డిస్టార్షన్ పెడల్స్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెలు) మీద బ్లెండ్ నాబ్ పెట్టేది. ఇదంతా ఎవరికి చెప్పను? మామకా?

మా లీడ్ గిటారిస్టు గెయిన్ పదికి పెట్టి కుక్కర్ విజిల్‌లా కూయిస్తే మాత్రం "సూపర్ టోన్ బ్రో". వాడి ఆంప్ మీద ఒక్కడు చెయ్యి వెయ్యడు. అసలు నా చేతికి బేస్ వచ్చిందే వాడి వల్ల. కాలేజీలో ఇద్దరం గిటారే. "నీకు సోలోలు రావు కదరా, బేస్ పట్టుకో, నాలుగే తీగలు, ఈజీ" అన్నాడు. ఈజీ! అప్పటి నుంచి ప్రతి ఫంక్షన్‌లో ఎవరో ఒక బాబాయి "రెండు తీగలు తెగిపోయాయా బాబూ?" అని అడగడం, నేను నవ్వడం. ఇళయరాజా పాట వస్తే మాత్రం ఇదే బాబాయిలు "డుం డుడుం" అని బేస్ లైనే కూనిరాగం తీస్తారు. అది ఏ వాయిద్యమో అడిగితే డ్రమ్స్ అంటారు.

ఇప్పుడే రీల్ పెట్టారు మావాళ్లు. నలభై సెకన్ల వీడియోలో ముప్పై సెకన్లు మా లీడ్ గిటారిస్టు వేళ్లే. చివర్లో ఒక మూల నా మోచెయ్యి కనిపిస్తోంది. ట్యాగ్ కూడా చెయ్యలేదు.