వస్తువులు అడ్డురాని మ్యూజియం

మ్యూజియాల్లో డిజిటల్ మీడియా ఎందుకు రాణించడం లేదని సదస్సుల్లో తెగ మథనపడుతున్నారు. కంటెంట్ అంటారు, బడ్జెట్ అంటారు, శిక్షణ అంటారు. అసలు దోషి పేరు మాత్రం మొహమాటానికి ఎవరూ ఎత్తరు. ఆ పాపం నేను కట్టుకుంటాను: మ్యూజియంలో టెక్నాలజీకి అడ్డుపడుతున్నది అక్కడి వస్తువులే.

గదిలో గోడంత టచ్‌స్క్రీన్ పెట్టారనుకోండి. బడ్జెట్‌లో సగం దానికే పోయింది. సంగీతం వస్తుంది, అక్షరాలు ఎగురుకుంటూ వచ్చి కూర్చుంటాయి, ‘ఇక్కడ తాకండి’ అంటూ ఒక చెయ్యి బొమ్మ అదేపనిగా ఊగుతుంది. పక్కనే అద్దాల పెట్టెలో వెయ్యేళ్ల నాటి మట్టికుండ. దానికి యానిమేషన్ లేదు, సౌండ్ లేదు, వైఫై రాదు. అయినా ఎవరో ఒక మొండిఘటం వెళ్లి ఆ ఘటం ముందే వంగుతాడు. మూతి అంచు కింద, పచ్చిమట్టి మీద కుమ్మరి బొటనవేలు నొక్కిన గుంట ఇంకా అలాగే ఉంది. దాన్ని చూస్తూ నిలబడిపోతాడు. టచ్‌స్క్రీన్ మీద పొద్దున్నుంచి పడ్డ వందల వేలిముద్రల వైపు మాత్రం కన్నెత్తి చూడడు. ఇంత పక్షపాతమా!

వెలుతురు విషయంలో మాత్రం కొంత న్యాయం జరుగుతోంది. పాత బట్టలు, కాగితం మీది బొమ్మలు వెలిసిపోకుండా సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గరే దీపాలు తగ్గించేస్తారు. ఆ మసకలో స్క్రీన్ ఒక్కటే కళ్లు జిగేల్‌మనేలా వెలుగుతుంది. కాసేపు దాన్ని చూసి పక్కకి తిరిగితే ఇక నేతపని కనపడదు. ఈ ఏర్పాటు చేసింది ఎవరో గానీ, మంచి చూపున్నవారు.

క్యూఆర్ కోడ్ ఘనత వేరే చెప్పాలి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం సందర్శకులను గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కో కళాఖండం ముందు జనం నిలబడేది సగటున 27 సెకన్లని అందులో తేలింది. ఇప్పుడు లెక్క వేద్దాం. ఫోన్ తీయాలి, మోకాలి ఎత్తులో అతికించిన కోడ్ కోసం వంగాలి, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తాలి, కుకీలకు ఒప్పుకోవాలి, యాప్ వద్దనాలి, అప్పుడు పీడీఎఫ్ తెరుచుకోవాలి. కుకీల దగ్గరికొచ్చేసరికే 27 సెకన్లూ అయిపోతాయి. చిత్రం వంక చూడనివ్వకుండానే దాని వాటా సమయమంతా వాడేసుకున్నాం. సమర్థ వినియోగమంటే ఇంకేం కావాలి?

పాతవాళ్లకి ఈ తెలివి లేదు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం సందర్శకుల చెవులకు రేడియో తరంగాల మీద ఆడియో గైడ్ వినిపించింది. అందరికీ ఒకటే ప్రసారం. అది ఏ బొమ్మ దగ్గరికి రమ్మంటే గుంపంతా ఆ బొమ్మ దగ్గరికే. అయితే అందులో ఒక పెద్ద లోపం ఉంది. చెవులను మాత్రమే తీసుకుని, కళ్లను వదిలేసింది. ఆ పొరపాటు దిద్దుకోవడానికి మనకి దశాబ్దాలు పట్టింది.

ఇదిలా ఉంటే కొన్ని పెద్ద మ్యూజియాలే ఈ రంగం పరువు తీస్తున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉన్న రైక్స్ మ్యూజియం 2012లో లక్షకు పైగా బొమ్మలను దగ్గరికి లాక్కుని చూసుకునేంత స్పష్టంగా ఆన్‌లైన్‌లో పెట్టి, కావలసినవి దించుకోండి అంది. మెట్రోపాలిటన్ 2017లో దాదాపు 3,75,000 ఫొటోలకు అనుమతి, రుసుము రెండూ తీసేసింది. ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఉపయోగమే, కాదనను. కానీ రిబ్బన్ ఎక్కడ కట్టాలి? అతిథి ఏం కత్తిరించాలి? బ్రూక్లిన్ మ్యూజియం అయితే మరీ అన్యాయం. 2015లో ఆస్క్ అనే యాప్ తెచ్చి, సందర్శకుడు ఫోన్‌లో ప్రశ్న పంపితే అవతల కూర్చున్న సిబ్బందే జవాబిచ్చేలా చేసింది. మనుషుల్ని తప్పించడానికి యాప్ చేయిస్తాం గానీ, కూర్చోబెట్టి జీతమివ్వడానికా?

ఇక నిర్వహణ. ప్రారంభోత్సవం నాడు అతిథి వేలు పెట్టగానే మెరిసిన కియోస్క్, వారంటీ తీరాక వచ్చినవాళ్లందరినీ ఒకటే ప్రశ్న అడుగుతుంది: ‘ఇప్పుడు రీస్టార్ట్ చేయాలా, తర్వాతా?’ కీబోర్డు తాళం వేసిన అరలో ఉంది. తాళంచెవి ఉన్నాయన బదిలీ అయ్యాడు. గార్డు వెనక్కి వెళ్లి ప్లగ్ పీకి మళ్లీ పెడతాడు. అక్కడ అందరికీ తెలిసిన వైద్యం అదే. అదీ పనిచేయకపోతే తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్‌తో ‘పని చేయడం లేదు’ అని రాసి టేపు వేస్తారు. పెద్ద అక్షరాలు, మూడే మాటలు, నిలబడ్డ చోటి నుంచే కనపడుతుంది, సిగ్నల్ అక్కర్లేదు. గ్యాలరీ మొత్తంలో అందరూ చివరిదాకా చదివే లేబుల్ అదొక్కటే. దాన్ని కూడా వీలైనంత త్వరగా డిజిటైజ్ చేయడానికి టెండర్లు పిలవాలని కమిటీ వారికి నా మనవి.