ప్రింట్‌ఎఫ్‌కు తెలుగు అక్షరాల లెక్క తెలియదు

ప్రోగ్రామింగ్ క్లాసులో మొదటి రోజు ‘హలో వరల్డ్’ ప్రింట్ చేయిస్తారు. ఆ తర్వాత ఫీల్డు వెడల్పు, దశాంశ స్థానాలు గబగబా చెప్పేసి లూపుల్లోకి వెళ్లిపోతారు. ఇంగ్లిష్ పేర్లతోనే ఆగిపోయే వాళ్లకు అది సరిపోతుందేమో. తెలుగు డేటా ముట్టుకోగానే ఆ పాఠం ఎందుకూ పనికిరాదు.

సీ భాషలో ప్రింట్ చేసే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్‌తో (printf) ఒక హాజరు పట్టీ ప్రింట్ చేయాలనుకుందాం. పేరుకు 10 స్థానాలు ఇచ్చి, పక్కన నిలువు గీత పెట్టాం. రవి పేరు ఇంగ్లిష్‌లో ఉంటే నాలుగు అక్షరాలు పోను ఆరు ఖాళీలు వస్తాయి. అదే పేరు తెలుగులో ఉంటే ఒక్క ఖాళీయే. ప్రింట్‌ఎఫ్ లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. అక్షరాలను బైట్లుగా, అంటే కంప్యూటర్ దాచుకునే చిన్న ముక్కలుగా, రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ‘ర’కు 3, ‘వ’కు 3, గుడికి ఇంకో 3, వెరసి 9. ‘శ్రీనివాస్’ అయితే ఏకంగా 30 బైట్లు; గీత ఎక్కడికో జరిగిపోతుంది. పోనీ పదికి కత్తిరించమంటే అది మరీ ఘోరం. ‘శ్ర’ దాకా వచ్చి, పదో బైటు దగ్గర ‘ఈ’ గుణింతం మధ్యలో తెగి, చివర ఓ పిచ్చి గుర్తు మిగులుతుంది.

పైథాన్ 3 కొంత నయం, కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబర్లు లెక్కేస్తుంది. అయినా కంటికి నాలుగు అక్షరాలుగా కనిపించే శ్రీనివాస్ దానికి పది. గుణింతాలు, పొల్లు, ఒత్తు ఇచ్చే హల్లు అన్నీ విడివిడిగానే లెక్కకొస్తాయి. పైగా టెర్మినల్‌లో (ప్రోగ్రామ్ ప్రింట్ చేసింది కనిపించే విండో) గడులన్నీ ఒకే వెడల్పు, మన అక్షరాలేమో ఒక్కోటి ఒక్కో సైజు. అందుకే ఖాళీలు కొట్టి తెలుగును వరసలో నిలబెట్టే ప్రయత్నమే మానేయాలంటాను. డేటాను ట్యాబులతోనో కామాలతోనో ఫైల్లో రాసేసి, వరస కుదిర్చే పని హెచ్‌టీఎంఎల్ టేబుల్‌కో స్ప్రెడ్‌షీట్‌కో వదిలేయడం మేలు.

ఫైల్లో రాయడానికీ ఓ తిరకాసు ఉంది. విండోస్‌లో చాలా పైథాన్ వెర్షన్లు, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) చెప్పకపోతే తెలుగు అక్షరాలు లేని పాత కోడ్ పేజీనే వాడతాయి. మొదటి తెలుగు అక్షరానికే ఎర్రర్. యూటీఎఫ్-8 అని చెప్పి రాసినా, కామాలతో రాసిన ఆ సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తరచుగా గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. ఫైలు మొదట్లో బీవోఎం (ఇది యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు) ఉంటే ఆ గొడవ తీరుతుంది. ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిచే కోడ్‌ని నేనైతే రివ్యూలో ఒప్పుకోను.

ఇక అంకెలు. పైథాన్‌లో కామా ఫార్మాట్ పెడితే 12,345,678 వస్తుంది. కోటీ ఇరవై మూడు లక్షలని మన కంటికి అందాలంటే అది 1,23,45,678 కావాలి. జావాస్క్రిప్ట్‌లో ఇండియన్ ఇంగ్లిష్ లొకేల్ (భాష, ప్రాంతాన్ని బట్టి అంకెలు రాసే తీరు చెప్పే సెట్టింగ్) ఇస్తే చాలు, అలాగే వస్తుంది. ఇంత తేలికైన పనిని వదిలేసి మిలియన్ల కామాలతో బిల్లు చేతిలో పెడితే, చదివేవాడు వేలు పెట్టి వెనక నుంచి ఒకట్లు, పదులు, వందలు లెక్కపెట్టుకోవాల్సిందే.